ఆక్టోపస్ పెంపకంలో గుడ్డు నుండి పిల్ల దశ వరకు నీటి ఉష్ణోగ్రత ప్రభావం

శీతల రక్త జీవుల శరీరపు వేడి చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టి మారుతుంది. ఆక్టోపస్ ఈ కోవకు చెందినదే. నీటి ఉష్ణోగ్రతలో రెండు మూడు డిగ్రీల తేడా వచ్చినా తల్లి గుడ్లు పెట్టే కాలం, పిండం ఎదిగే వేగం, పచ్చసొన ఖర్చయ్యే తీరు, వెలువడిన పిల్ల పరిమాణం, ఆ పిల్ల తరువాతి బ్రతుకు అన్నీ మారిపోతాయి. చేపలు, రొయ్యల పెంపకంలోనూ ఉష్ణోగ్రత ముఖ్యమే. అయితే ఆక్టోపస్ విషయంలో దాని ప్రాధాన్యం మరికొంత ఎక్కువ. ఆడ ఆక్టోపస్ తన జీవితంలో ఒకే ఒక్కసారి గుడ్లు పెడుతుంది. ఆ తరువాత మేత మానివేసి, గుడ్లను శుభ్రపరుస్తూ, వాటిపైకి నీటిని చిమ్ముతూ కాపలా కాస్తుంది. పిల్లలు వెలువడే సమయానికి మరణిస్తుంది. ఒక విడత గుడ్లు వేడికి చెడిపోతే ఆ తల్లి నుండి రెండవ విడతను ఆశించడానికి వీలులేదు.

వాణిజ్య స్థాయిలో ఆక్టోపస్ పెంపకం ప్రపంచంలో ఇంకా స్థిరపడలేదు. పరిశోధన మాత్రం ముఖ్యంగా రెండు జాతులపై సాగింది. మొదటిది మధ్యధరా సముద్రం, తూర్పు అట్లాంటిక్ తీరాలలో లభించే సాధారణ ఆక్టోపస్, అనగా ఆక్టోపస్ వల్గారిస్. దీనిపై స్పెయిన్ శాస్త్రవేత్తల కృషి ఎక్కువ. రెండవది మెక్సికో దేశపు యుకటాన్ ద్వీపకల్పం చుట్టూ ఉన్న లోతు తక్కువ సముద్రానికే పరిమితమైన ఆక్టోపస్ మాయా. 1966లో వాస్, సోలిస్ రామిరెజ్ అనే శాస్త్రవేత్తలు దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించారు. మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయానికి యుకటాన్ తీరంలోని సిసాల్ గ్రామంలో ఉన్న కేంద్రంలో కార్లోస్ రోసాస్, ఆయన సహచరులు ఈ జాతి గుడ్లపై, పిల్లలపై, తల్లిదండ్రులపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని వరుసగా పరిశీలించారు. ఒకే జాతిని ఇన్ని దశలలో పరీక్షించిన ఉదాహరణలు అరుదు కనుక ఈ వ్యాసం ప్రధానంగా ఆ కృషిని ఆధారం చేసుకొంటున్నది. ఇందులోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలో ఇవ్వబడినవి.

రెండు రకాల బాల్యం

ఈ రెండు జాతుల తొలి జీవితానికి పోలిక చాలా తక్కువ. సాధారణ ఆక్టోపస్ ఒక విడతలో లక్ష నుండి ఐదు లక్షల వరకు గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క గుడ్డు పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు, అనగా బియ్యపు గింజ కంటే చిన్నది. వెలువడిన పిల్లకు ఒక్కొక్క చేతిపై మూడేసి చూషకాలు మాత్రమే ఉంటాయి. అది వారాల తరబడి నీటిలో తేలియాడుతూ సూక్ష్మజీవులను వేటాడి, తరువాత అడుగుకు దిగి అసలైన ఆక్టోపస్ జీవనాన్ని ప్రారంభిస్తుంది. ఈ తేలియాడే దశను దాటించడమే పెంపకంలో అతి కష్టమైన ఘట్టం.

ఆక్టోపస్ మాయా పెట్టే గుడ్లు కొన్ని వందల నుండి వెయ్యికి కాస్త పైగా మాత్రమే. అయితే గుడ్డు పొడవు 17 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. దీనికి తేలియాడే దశ లేదు. సుమారు పదవ వంతు గ్రాము బరువుతో వెలువడిన పిల్ల అచ్చంగా పెద్ద ఆక్టోపస్‌కు నమూనా వలె ఉండి, నేరుగా అడుగున నడుస్తుంది. చిన్న గింజలు వేలకొద్దీ రాల్చే గడ్డి మొక్కకు, కొద్దిపాటి పెద్ద గింజలలో ఆహారమంతా దాచిపెట్టే చిక్కుడుకు గల తేడాతో దీనిని పోల్చవచ్చు. పెద్ద గింజ మొలకకు తొలి రోజులలో బయటి ఆహారంతో పని తక్కువ. ఆక్టోపస్ మాయా పిల్ల కూడా వెలువడిన తరువాత సుమారు పది రోజులపాటు లోపల మిగిలిన పచ్చసొనపై ఆధారపడుతూ, అంతలో జీర్ణవ్యవస్థను పూర్తి చేసుకొంటుంది. సిసాల్ పరిశోధన వేగంగా ముందుకు సాగడానికి ఈ ఒక్క గుణం ఎంతగానో తోడ్పడింది.

ఎన్ని రోజులు? – ఉష్ణదినాల లెక్క

సాధారణ ఆక్టోపస్ గుడ్డు 25 డిగ్రీల నీటిలో 22 నుండి 25 రోజులలో పొదగబడుతుంది. అదే గుడ్డుకు 13 డిగ్రీల నీటిలో 100 నుండి 120 రోజులు పడుతుంది. వేడి 12 డిగ్రీలు తగ్గితే కాలం నాలుగు రెట్లకు మించి పెరిగిందన్నమాట.

పంటల వికాసాన్ని రోజులతో కాక ఉష్ణదినాలతో లెక్కించడం వ్యవసాయ శాస్త్ర విద్యార్థులకు సుపరిచితమే. మొక్కజొన్నకు 10 డిగ్రీలను మూల ఉష్ణోగ్రతగా తీసుకొని, దానికి పైనున్న వేడిని రోజురోజుకు కూడుతూ పోయే పద్ధతి అది. ఇదే పద్ధతిని ఇక్కడ అన్వయించి చూడవచ్చు. మూల ఉష్ణోగ్రత సున్నా అనుకొంటే 25 డిగ్రీల వద్ద 23.5 రోజులకు 588 ఉష్ణదినాలు, 13 డిగ్రీల వద్ద 110 రోజులకు 1,430 ఉష్ణదినాలు వస్తాయి. రెండింటికీ పొంతన లేదు. కాబట్టి మూలం సున్నా కాదు. రెండు మొత్తాలను సమానం చేసే మూలాన్ని వెదికితే అది సుమారు 9.7 డిగ్రీలని తేలుతుంది. అప్పుడు రెండు సందర్భాలలోనూ మొత్తం సుమారు 360 ఉష్ణదినాలవుతుంది. ఈ లెక్క ప్రకారం 20 డిగ్రీల వద్ద 35 రోజులు పట్టాలి. ఆ వేడిమి వద్ద హేచరీలలో కనిపించే నెల నుండి నలభై రోజుల పొదుగు కాలానికి ఇది సరిపోతున్నది.

రెండు బిందువులను కలిపి గీసిన సరళరేఖకు ఇంతకు మించిన గౌరవం ఇవ్వరాదు. హద్దుల దగ్గర వికాసపు రేఖ వంగుతుంది. మూలానికి కాస్త పైన కూడా గుడ్లు పాడవుతాయి, మరీ వేడి నీటిలో వేగం పెరగడం ఆగిపోతుంది. అయినప్పటికీ పిల్లలు ఏ వారంలో వెలువడతాయో ముందుగా తెలుసుకొని జీవాహారాన్ని సిద్ధం చేసుకోవడానికి హేచరీ నిర్వాహకునికి ఈ లెక్క ఎంతో ఉపయోగపడుతుంది. పిల్లలు మంగళవారం వెలువడి, వాటికి కావలసిన ఆర్టీమియా శుక్రవారం సిద్ధమైతే ఆ విడత నష్టపోయినట్లే.

మూల ఉష్ణోగ్రత జాతిని బట్టి మారుతుందనడానికి లోతు సముద్రం మంచి సాక్ష్యం. కాలిఫోర్నియా తీరాన మాంటరే కాన్యన్‌లో సుమారు 1,400 మీటర్ల లోతున ఒక గ్రానెలెడోన్ ఆక్టోపస్ 2007 మే నెలలో గుడ్లపై కూర్చోవడాన్ని శాస్త్రవేత్తలు చూశారు. వారు అక్కడికి మళ్లీ మళ్లీ వెళ్లిన ప్రతిసారీ, 2011 సెప్టెంబరు వరకు, అదే తల్లి అదే రాతిపై కనిపించింది. పొదుగు కాలం 53 నెలలు. అక్కడి నీటి వేడి సుమారు 3 డిగ్రీలు. సాధారణ ఆక్టోపస్ మూల ఉష్ణోగ్రతతో చూస్తే ఆ చలిలో వికాసమే జరగకూడదు. ఆ చలికి తగినట్లు మలచుకొన్న జాతి కనుకనే అది సాధ్యమైంది.

అదే తీరంలో డేవిడ్సన్ సముద్ర పర్వతం వద్ద 3,200 మీటర్ల లోతున 2018లో బయటపడిన ఆక్టోపస్ తోట మరింత ఆసక్తికరమైనది. అక్కడి పరిసర నీరు 1.6 డిగ్రీలు మాత్రమే. కానీ రాతి పగుళ్ల నుండి గోరువెచ్చని నీరు ఊరుతుంది. వేల సంఖ్యలో తల్లులు సరిగ్గా ఆ పగుళ్లలోనే గుడ్లు పెడతాయి. గూళ్లలోని నీటి వేడి సుమారు 5 డిగ్రీలు. పరిసరపు చలిలో అయిదు నుండి ఎనిమిదేళ్లు, లేదా అంతకంటే ఎక్కువే పట్టవలసిన పొదుగుదల అక్కడ రెండేళ్లలోపే ముగుస్తున్నట్లు 2023లో ప్రచురించిన అధ్యయనం చూపింది. మూడున్నర డిగ్రీల అదనపు వేడి తల్లికి, గుడ్లకు ప్రమాద కాలాన్ని ఏళ్ల మేరకు తగ్గించింది. వేడి ఎల్లవేళలా శత్రువు కాదు. ఆ జాతికి తగిన పరిధిలో ఉన్నంతవరకు అది మేలే చేస్తుంది.

గుడ్డు లోపల జరిగేది

శీర్షపాద జీవుల పిండ వికాసాన్ని అడాల్ఫ్ నేఫ్ అనే స్విస్ శాస్త్రవేత్త 1928లో ఇరవై దశలుగా విభజించారు. నేటికీ పరిశోధకులు వాడేది ఆ కొలబద్దనే. స్థూలంగా చెప్పాలంటే తొలి సగంలో అవయవాలు రూపుదిద్దుకొంటాయి. పద్నాలుగవ దశ ప్రాంతం నుండి గుండె, రక్త ప్రసరణ చురుకుగా పనిచేయసాగుతాయి. ఆ తరువాత పిండం పచ్చసొనను త్వరత్వరగా కరిగించుకొంటూ పెరుగుతుంది, ప్రాణవాయువు వినియోగం కూడా దానితోపాటే ఎగబాకుతుంది. కాబట్టి వేడి తాకిడికి రెండవ సగంలోని పిండం ఎక్కువగా గురవుతుంది. వరి పైరు పూత సమయంలో 35 డిగ్రీలు దాటిన వేడి కొద్ది గంటలు తగిలినా తాలు గింజలు ఏర్పడతాయన్నది తెలిసిన విషయమే. అదే వేడిని పిలకల దశలో పైరు చాలావరకు తట్టుకొంటుంది. సగటు ఉష్ణోగ్రత ఎంత అన్నది ఎంత ముఖ్యమో, ఆ వేడి ఏ దశలో తగిలిందన్నది కూడా అంతే ముఖ్యం.

ఇక్కడ ప్రాణవాయువు లెక్కను విడిగా చూడాలి. వేయింటికి 35 వంతుల లవణీయత గల సముద్రపు నీరు 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 7.4 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను ఇముడ్చుకోగలదు. 30 డిగ్రీల వద్ద ఇది సుమారు 6.2 మిల్లీగ్రాములకు పడిపోతుంది. అనగా ఆరవ వంతు సరఫరా తగ్గింది. మరోవైపు జీవక్రియల వేగం ప్రతి 10 డిగ్రీలకు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. గిరాకీ రెట్టింపు, సరఫరా తగ్గుదల అన్న పరిస్థితి ఇది. పిండానికి ఆక్సిజన్ గుడ్డు పొర గుండా వ్యాపనం ద్వారా మాత్రమే అందాలి కనుక, పెద్దదైన ఆక్టోపస్ వలె అది శ్వాస వేగం పెంచుకోలేదు. పైగా ఆక్టోపస్ రక్తంలో ఆక్సిజన్‌ను మోసేది ఇనుముతో కూడిన హీమోగ్లోబిన్ కాదు, రాగితో కూడిన హీమోసయనిన్. వేడి పెరిగే కొద్దీ దానికి ఆక్సిజన్‌ను పట్టి ఉంచే శక్తి తగ్గుతుంది. తల్లి తన నాళికతో గుడ్లపైకి నీరు చిమ్మడం శుభ్రత కోసం మాత్రమే కాదు, గుడ్డు పొర వద్ద నిలిచిపోయిన నీటిని తొలగించి కొత్త ఆక్సిజన్ అందించడానికి కూడా. తల్లి నుండి గుడ్లను వేరుచేసి కృత్రిమంగా పొదిగించే చోట నీటి ప్రవాహమే ఆ పనిని నిర్వర్తించాలి.

పచ్చసొన విషయం మరొక మెలిక. అది బయటి నుండి తిరిగి నింపడానికి వీలులేని నిల్వ. అందులో కొంత దేహ నిర్మాణానికి, కొంత దైనందిన జీవక్రియలకు ఖర్చవుతుంది. వేడి పెరిగినప్పుడు రెండవ పద్దు ఉబ్బుతుంది. ఫలితంగా పిండం త్వరగా ముదురుతుంది గాని పెద్దది కాదు. ఆలస్యంగా విత్తిన శనగ చివరి దశలో ఎండల తాకిడికి లోనై, గింజ నిండకముందే ముదిరిపోవడాన్ని గమనించినవారికి ఇది కొత్త సంగతిగా తోచదు. వికాసం వేరు, పెరుగుదల వేరు. వేడి మొదటిదాన్ని పరుగెత్తించినంతగా రెండవదాన్ని పరుగెత్తించదు. హద్దు మీరిన వేడిలో కొన్ని పిల్లలు పచ్చసొన సంచి ఇంకా బయట వ్రేలాడుతుండగానే నెలలు నిండని స్థితిలో వెలువడతాయి. అటువంటివి బ్రతకడం అరుదు.

సిసాల్ పరిశోధకులు ఆక్టోపస్ మాయా గుడ్లను 18, 22, 26, 30 డిగ్రీల వద్ద పొదిగించి పోల్చారు. 22 నుండి 26 డిగ్రీల మధ్య పిండాలు పచ్చసొనను సక్రమంగా దేహంగా మార్చుకొన్నాయి. 30 డిగ్రీల వద్ద పెరుగుదల కుంటుపడి, పిండాలు చిన్నవిగా మిగిలిపోయాయి. మొత్తం మీద 27 డిగ్రీలు ఈ జాతి సంతానోత్పత్తికి ఒక హద్దుగా తేలింది.

తల్లిదండ్రులు అనుభవించిన వేడి

గుడ్లను చల్లని నీటిలో ఉంచితే చాలునా? చాలదని అదే కేంద్రపు తదుపరి ప్రయోగాలు చెబుతున్నాయి. ఆడ ఆక్టోపస్‌లను 24 డిగ్రీల వద్ద ఉంచినప్పుడు వాటిలో అధిక భాగం గుడ్లు పెట్టాయి. 31 డిగ్రీల వద్ద ఉంచినవాటిలో గుడ్లు పెట్టినవి అతి స్వల్పం. తొలుత 31 డిగ్రీల వేడిని అనుభవించి, ఆపై మెల్లమెల్లగా చల్లబరిచిన నీటిలో గుడ్లు పెట్టిన తల్లుల పిల్లలను ప్రత్యేకంగా గమనించారు. ఆ పిల్లలు సాధారణ తల్లుల పిల్లల కంటే నెమ్మదిగా పెరిగాయి. అదే సమయంలో వాటి జీవక్రియల వేగం ఎక్కువగా నమోదైంది. అనగా అవి తిన్న ఆహారంలో ఎక్కువ భాగం ఊరికే నిలదొక్కుకోవడానికే ఖర్చవుతున్నది. మగ జీవులపై జరిపిన ప్రయోగాలలోనూ అధిక వేడి వృషణ కణజాలాన్ని దెబ్బతీసి, అవి తండ్రులయ్యే అవకాశాన్ని తగ్గించినట్లు తేలింది.

విత్తనోత్పత్తిలో పనిచేసేవారికి దీని ప్రాముఖ్యం వెంటనే అర్థమవుతుంది. తల్లి మొక్క అనుభవించిన ఒత్తిడి విత్తన సత్తువలో కనిపించినట్లే, పిల్లల తొట్టిలో కనిపించే లోపానికి మూలం కొన్ని వారాల ముందు తల్లి ఉన్న నీటిలో ఉండవచ్చు. పిల్లల తొట్టి ఉష్ణోగ్రతను ఎంత సరిదిద్దినా ఆ లోపం పూడదు. సముద్రం నుండి పట్టి తెచ్చిన ఆడ ఆక్టోపస్‌లతో హేచరీ నడిపేవారు అవి ఏ నెలలో, ఎంత వేడి నీటి నుండి వచ్చాయో తప్పక నమోదు చేయాలి.

మరొక విశేషం కూడా ఉంది. ఆక్టోపస్ మాయా చిన్న పిల్లలు 33 డిగ్రీలకు పైబడిన వేడిని సైతం కొంతసేపు తట్టుకోగలవు. అంతమాత్రాన అది వాటికి పెంపక ఉష్ణోగ్రత కాజాలదు. ప్రాణం పోయే హద్దు వేరు, పెరుగుదల ఆగిపోయే హద్దు వేరు, సంతానం ఆగిపోయే హద్దు మరొకటి. ఈ మూడింటిలో చివరిది అన్నింటికంటే దిగువన ఉంటుంది. చేతిపుస్తకాలలో 'తట్టుకొనే ఉష్ణోగ్రత' అని ఒకే అంకె ఇచ్చినప్పుడు అది వీటిలో ఏ హద్దును సూచిస్తున్నదో అడిగి తెలుసుకోవడం అవసరం.

సముద్రంలో ఇదే కథ

యుకటాన్ మత్స్యకారులు బోటును గాలివాటుకు వదిలి, ఇరువైపులా పొడవాటి గడలు చాపి, వాటి నుండి పీతలను ఎరగా వ్రేలాడదీసి ఆక్టోపస్‌లను పడతారు. గాలానికి కొక్కెం ఉండదు. పీతను కౌగిలించుకొన్న ఆక్టోపస్ దానిని విడువక పైకి వచ్చేస్తుంది. గుడ్లపై కూర్చున్న తల్లి మేత ముట్టదు కనుక ఈ పద్ధతిలో చిక్కదు. మేలైన ఏర్పాటు ఇది. వేట ఏటా ఆగస్టు 1 నుండి డిసెంబరు 15 వరకు మాత్రమే అనుమతించబడుతుంది.

ఈ ద్వీపకల్పపు తూర్పు కొసన లోతు నుండి చల్లని నీరు వసంత, గ్రీష్మ కాలాలలో పైకి ఉబికి, ఉత్తర తీరం వెంబడి పరచుకొంటుంది. అందువల్ల అటు వైపు అడుగునీరు ఎండాకాలంలోనూ ఆక్టోపస్‌కు అనుకూలంగా ఉంటుంది. పడమటన ఉన్న కంపెచే వైపు ఆ చల్లదనం చేరదు. వేసవిలో అక్కడి నీరు 30 డిగ్రీలకు చేరుతుంది. ఫలితంగా పడమటి వైపు ఆక్టోపస్‌ల సంతానోత్పత్తి ఉత్తరపు చలిగాలులు వీచే శీతకాలానికే ఎక్కువగా పరిమితమవుతుంది. ఒకే జాతి, ఒకే తీరం; తేడా అంతా నీటి వేడిలోనే. సముద్రపు సగటు వేడి పెరిగే కొద్దీ పడమటి వైపు అనుకూల నెలలు కుంచించుకుపోతాయన్నది అక్కడి మత్స్యకార కుటుంబాలకు జీవనోపాధికి సంబంధించిన ప్రశ్న. సిసాల్ ప్రయోగాల విలువ పెంపకానికే పరిమితం కాదు.

ప్రసంగవశాత్తు, తెలుగు తీరంలోనూ లోతు నీరు పైకి ఉబికే ప్రక్రియ ఉన్నది. 1950 దశకంలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉంటూ యూజీన్ లాఫాండ్ వాల్తేరు తీరంలో దీనిని అధ్యయనం చేశారు.

వెలువడిన తరువాత

ఆక్టోపస్ పిల్లల తొలి పెరుగుదల చక్రవడ్డీ వంటిది. పెరిగిన బరువుపైనే మరునాటి పెరుగుదల లెక్కించబడుతుంది. ఈ దశలో ఉష్ణోగ్రతలో స్వల్ప తేడా సైతం చివరి బరువులో పెద్ద తేడాగా మారుతుందని 1993లో జాన్ ఫోర్సైత్ ప్రతిపాదించారు. ఉదాహరణకు 0.1 గ్రాము పిల్ల రోజుకు 5 శాతం నిరంతర వృద్ధి రేటుతో పెరిగితే అరవై రోజులకు 2 గ్రాములవుతుంది. అదే 6 శాతం చొప్పున పెరిగితే 3.7 గ్రాములవుతుంది. రోజుకు ఒక్క శాతం తేడా రెండు నెలల్లో బరువును దాదాపు రెట్టింపు చేసింది. అనుకూల పరిధి లోపల కాస్త వెచ్చదనం కోరదగినదే అనడానికి ఇది ఆధారం.

అయితే ఈ వడ్డీ తిండి దొరికినప్పుడే. సాధారణ ఆక్టోపస్ తేలియాడే పిల్లల విషయంలో చిక్కు ఇక్కడే వచ్చింది. 1963లో జపాన్‌లో ఇటామి బృందం సుమారు 25 డిగ్రీల నీటిలో ఈ పిల్లలను ఐదారు వారాలలో అడుగుకు దింపగలిగింది. 1995లో స్పెయిన్‌కు చెందిన విల్లానువేవా సుమారు 21 డిగ్రీల వద్ద ఏడెనిమిది వారాలలో అదే సాధించారు. వేడి తగ్గిన మేరకు కాలం పెరిగింది. 2001లో స్పెయిన్ సముద్ర విజ్ఞాన సంస్థ వీగో కేంద్రం ఆర్టీమియాతోపాటు పీతల జోయియా పిల్లలను మేపి ఈ జాతి జీవితచక్రాన్ని బందీ స్థితిలో తొలిసారి పూర్తి చేసింది. ఒక్క ఆర్టీమియాతో మేపితే పిల్లలు నిలదొక్కుకోవు. అందులో డీహెచ్ఏ అనే కొవ్వు ఆమ్లం బహు స్వల్పం. నీటిని వేడి చేసి దశను త్వరగా దాటించాలనుకొంటే, ఆ మేరకు ఆకలి కూడా పెరుగుతుంది, పచ్చసొన నిల్వ త్వరగా తరిగిపోతుంది, ఆహార లోపం మరింత త్వరగా బయటపడుతుంది. ఉష్ణోగ్రతను, మేతను విడివిడిగా పరీక్షించిన ప్రయోగాలను చదివేటప్పుడు విద్యార్థులు ఈ ముడిని గుర్తుంచుకోవాలి.

నాడీ వ్యవస్థపై ప్రభావం ఇటీవలే వెలుగులోకి వచ్చింది. కాలిఫోర్నియా తీరపు రెండు చుక్కల ఆక్టోపస్‌ను 13, 22 డిగ్రీల వద్ద ఉంచి పోల్చినప్పుడు దాని నాడీకణాలలోని ఆర్.ఎన్.ఏ. సందేశాలలో 20 వేలకు పైగా స్థానాలలో సవరణ స్థాయి మారినట్లు 2023లో వెల్లడైంది. జన్యువు మారకుండానే, దాని నకలును చలికి తగినట్లు దిద్దుకొనే ఈ సామర్థ్యం జీవలోకంలో అరుదైనది. కానీ దానికీ హద్దు ఉన్నది. దక్షిణ ఆస్ట్రేలియాకు చెందిన మరొక జాతి గుడ్లను 19, 22, 25 డిగ్రీల వద్ద పొదిగించిన అధ్యయనంలో, 25 డిగ్రీల వద్ద కంటి కటకానికి పారదర్శకతనిచ్చే ప్రొటీన్లు తగ్గినట్లు గమనించారు. చూపు మీద ఆధారపడి వేటాడే జీవికి ఇది చిన్న లోపం కాదు.

హేచరీ నిర్వహణకు సంబంధించి

ఆంధ్రప్రదేశ్ తీరంలో వన్నామీ రొయ్య పిల్లల హేచరీలు 28 నుండి 32 డిగ్రీల నీటికి అలవాటు పడినవి. ఆక్టోపస్ ధర చూసి, అదే తొట్లలో, అదే నీటిలో దీనిని పెంచవచ్చునా అని ఎవరైనా అడిగితే విస్తరణ శాస్త్రవేత్త ఇవ్వవలసిన సమాధానం ఈ అంకెలలోనే ఉన్నది. రొయ్యకు సుఖమైన 30 డిగ్రీలు ఆక్టోపస్ మాయా గుడ్లకు చేటు. భారత తీరాలలో దొరికే ఆక్టోపస్ జాతులు వేరు; వాటి హద్దులను వాటి గుడ్లపైనే తేల్చాలి, యుకటాన్ అంకెను తెచ్చి అతికించరాదు. వేసవిలో 30 డిగ్రీలకు చేరే సముద్రపు నీటిని రేయింబవళ్లు నాలుగైదు డిగ్రీలు చల్లబరచవలసి వస్తే విద్యుత్ ఖర్చే మొదటి పద్దు అవుతుంది. అటువంటి చోట ప్రవాహ పద్ధతి కంటే, ఒకసారి చల్లబరచిన నీటిని శుద్ధిచేసి మళ్లీ వాడే పద్ధతి తప్పనిసరి. కరెంటు పోయిన నాలుగు గంటలలో తొట్టి వేడి ఎంత పెరుగుతుందో ముందే కొలిచి ఉంచుకోవాలి.

థర్మామీటరును నీటి ఉపరితలంలో కాక గుడ్లు ఉన్న ఎత్తులో ఉంచాలి. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు రెండూ రాయాలి, సగటు ఒక్కటి చాలదు. తల్లులను కొత్త నీటికి మార్చేటప్పుడు ఒక్కసారిగా కాక రోజుకు ఒక డిగ్రీకి మించకుండా మార్చడం మంచిది. వెలువడిన పిల్లలకు దాగడానికి ఖాళీ శంఖపు గుల్లలు వేయాలి. లేనిచో, ముఖ్యంగా వెచ్చని నీటిలో ఆకలిగొన్నవి ఒకదానినొకటి తింటాయి. పరిమాణం వారీగా వేరుచేయడం కూడా ఇందుకే.

ఆక్టోపస్ పెంపకం తగునా కాదా అన్న చర్చ ఇప్పుడు శాస్త్ర పరిధిని దాటింది. ఇది మాంసాహారి, పెంచడానికి పీత, చేప కావాలి. బాధను అనుభవించగల జీవిగా శాస్త్రవేత్తలు దీనిని గుర్తిస్తున్నారు. ఐరోపా సమాజం 2010లోనే ప్రయోగాలలో వాడే జంతువుల రక్షణ నిబంధనల కిందకు శీర్షపాద జీవులను చేర్చింది. అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రాలు 2024లో ఆక్టోపస్ పెంపకాన్ని నిషేధిస్తూ చట్టాలు చేశాయి. స్పెయిన్‌కు చెందిన ఒక పెద్ద సంస్థ కానరీ దీవులలో తలపెట్టిన పెంపక కేంద్రం తీవ్ర వ్యతిరేకతను ఎదుర్కొన్నది. పెట్టుబడి పెట్టదలచినవారు సాంకేతిక వివరాలతోపాటు ఈ పరిణామాలను కూడా తెలుసుకొని ఉండాలి. ఎగుమతి విపణిలో కొనుగోలుదారుల దేశపు చట్టం మారితే ఉత్పత్తిదారుని లెక్క మొత్తం మారుతుంది.

పెంపకం చేపట్టినా చేపట్టకపోయినా, తీరంలో పట్టుబడే ఆక్టోపస్‌ల గుడ్ల కాలాన్ని, ఆ నెలల నీటి ఉష్ణోగ్రతను కలిపి నమోదు చేయడం పెద్ద ఖర్చులేని పని. మత్స్యకళాశాలల విద్యార్థులు రేవులకు వచ్చిన ఆడ ఆక్టోపస్‌ల అండాశయపు దశను నెలవారీగా పరిశీలించి, ఆ తేదీలలో అడుగునీటి వేడిని దాని పక్కన రాస్తే, రెండు మూడేళ్లలో యుకటాన్ పటం వంటిది ఈ తీరానికి కూడా తయారవుతుంది.